వెనక ఎత్తు

“మళ్లీ లేచింది,” అన్నాడు సర్వేయరు, కారు పూర్తిగా దిగకముందే.

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు. ఈ మాట అతనికి కొత్త కాదు. మూలపడి ఉన్న ఆ పాతకాలపు కారుకు ప్రాణం పోసింది తనే. వెనక బరువు మోసే కొత్త కమాను పట్టీలు వేసి వెనక ఎత్తు కుదిర్చిన రోజున సర్వేయరు భార్య కూడా వచ్చింది. ఆవిడెప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. “మా డ్రైవరు మంచివాడే, సణుగుడే ఎక్కువ,” అని భర్తను చూపించి నవ్వించింది. ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టే, చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య సరిగ్గా నాలుగు వేళ్ల సందు పెట్టించుకున్నాడు సర్వేయరు.

ఆ తర్వాత మొదలైంది పోరు. వెనక భాగం లేస్తోందంటూ వస్తాడు, ఒక్కడే. మెకానిక్ కొలుస్తాడు. ఖాళీ కారు ఎత్తు మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. అయినా ఊరుకోలేక పట్టీలకు గ్రీజు పెట్టి, బోల్టులు వదులు చేసి, మళ్లీ బిగించి పంపుతాడు.

“సార్, కమాను వాడేకొద్దీ కుంగుతుంది. దానంతటది లేవడం నేనెక్కడా చూళ్లేదు.”

“బతుకంతా ఎత్తుపల్లాలు కొలిచినవాణ్ణి. నా కళ్లు నన్ను మోసం చేస్తాయా? ఆవిడ ఎక్కాక, బయల్దేరే ముందు ప్రతిసారీ చూస్తున్నా. గతుకు వస్తే చాలు, వెనక ఎగిరి పడుతోంది. ఆవిడ ఒళ్లు హూనమైపోతోంది.” సర్వేయరు వెనక సీటు వైపు చూపించాడు. “ఈసారి తీసుకొచ్చా. నువ్వే కొలుచుకో.”

పొద్దుటి చలికి అద్దాలన్నీ మూసి ఉన్నాయి. లోపల శాలువా కప్పుకుని కూర్చున్న ఆవిడ మెకానిక్‌ను చూసి తలాడించింది. అతను చక్రం పక్కన గొంతుక్కూర్చుని సందులో వేళ్లు పెట్టాడు. నాలుగు వేళ్లూ దూరాక బొటనవేలికి కూడా చోటు మిగిలింది.

నమ్మలేక రెండో వైపూ చూశాడు. అక్కడా అంతే. కారు కిందికి దూరి పట్టీలు ఒక్కొక్కటీ తడిమాడు. ఎక్కడా తేడా లేదు.

“చూశావా?” అన్నాడు సర్వేయరు. ఆ గొంతులో గెలిచానన్న సంతోషం ఏమీ లేదు. “ఏం చేస్తావో చెయ్యి. ఇక తిరిగే ఓపిక నాకు లేదు.”

ఖాళీ సీసా పట్టుకుని షెడ్డు చివరనున్న కుళాయి దగ్గరికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

వెనక అద్దం కొంచెం దిగింది.

“ఒక పట్టీ తీసెయ్యి నాయనా,” అంది ఆవిడ.

“తీస్తే కిందికొస్తుందమ్మా. కానీ తప్పెక్కడుందో తెలీకుండా తియ్యడానికి చేతులు రావట్లేదు.”

“నీ పనిలో తప్పేం లేదు. ఆయన మనసు కుదుటపడుతుంది, తీసెయ్యి.”

“ఖాళీగా ఉంటే సరిగ్గానే ఉంటోంది, మీరెక్కితే లేస్తోంది. ఏదో కారణం ఉండాలి కదమ్మా?”

ఆవిడ కుళాయి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“కారు లేవట్లేదు నాయనా, నేనే తరిగిపోతున్నా.”