లడాయి కొలత

సారయ్య సుత్తె ఎత్తాడు. మంచంలోంచి లేచి వచ్చిన తండ్రి మొగిలి మగ్గానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దాని మీద ఏస్తే నా మీద ఏసినట్టే" అన్నాడు ముసలాయన.

సారయ్యకు ఒళ్లు మండింది. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయంటారు. ఎక్కడో లడాయి మొదలై ఓడలు ఆగాయట. ఓడలు ఆగితే ఇక్కడ కాశిబుగ్గలో జంపఖానాలు ఆగాయి. నేసినవి నేసినట్టే మూలన పడి ఎలుకలకు పరుపులయ్యాయి. సాయంత్రం కట్టెల అడితి నుంచి ట్రాలీ వస్తుంది. మగ్గం ఎవరి పొయ్యిలోకో పోతుంది, తను హైదరాబాద్‌లో వాచ్‌మెన్ పనికి పోతాడు. భార్య యాకమ్మ పొద్దుటి నుంచి చల్లారిన పొయ్యి ముందే కూర్చుని ఉంది. ఆమె ఏడ్చినా బాగుండేదనిపించింది సారయ్యకు.

ముసలాయన పాత పాటే అందుకున్నాడు. మొదటి పెద్ద లడాయిలో ఆయన తాత గుడారాల గుడ్డ నేశాడు. రెండో లడాయిలో తండ్రి దుప్పట్లు నేశాడు, ఇంటిల్లిపాదీ రెండు పూటలా తిన్నారు. చదువుకున్నవాళ్లు ప్రపంచ యుద్ధాలను ఏ లెక్కన పోలుస్తారో గానీ, మొగిలి మాత్రం నేసిన గుడ్డతోనే పోలుస్తాడు.

"మా నాయిన నేసిన దుప్పటి ఆరడుగులు. సిపాయి ఎంతుంటే దుప్పటి అంత. లడాయి అంటే గట్లుండాలె. గిప్పటిదేం లడాయి? నేసెటోని నోట్లె మన్ను కొట్టింది."

"గప్పుడు సచ్చినోళ్లను గూడ లెక్కవెట్టినవా బాపు?"

"మనం సంపినమారా? మనం నేసినం, గంతే."

అంతలో గుమ్మం ముందు స్కూటర్ ఆగింది. నేతగాళ్లకు ఆర్డర్లు తెచ్చే రాజేశ్వర్ రావు. నెలల తరబడి మొహం చూపించని మనిషి ఇవాళ ఊడిపడ్డాడు. సుత్తె కింద పెట్టమన్నాడు. ఆ లడాయి జరిగే చోటికి సాయం పంపే సంస్థ ఏదో నూలు గుడ్డ అడుగుతోందట. తెల్లగా ఉండాలి, మెత్తగా ఉండాలి, అంచూ పువ్వూ ఏమీ వద్దు. ఎంత నేస్తే అంతా తీసుకుంటారు, ఈ వాడలో మగ్గాలన్నీ ఆడినా సరిపోవు. సంచిలోంచి నమూనా ముక్క తీసి, ప్రతి ముక్కా ఇదే కొలతలో ఉండాలంటూ సారయ్య చేతిలో పెట్టాడు.

సారయ్య విప్పి చూశాడు. మూడడుగులు కూడా లేదు.

"ఇది దేనికి సార్?"

రాజేశ్వర్ రావు మొహం తిప్పుకున్నాడు. "నేసుడు నీ పని. గవన్నీ నీకెందుకు?" అని స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఆయన తీరు సారయ్యకు కొంచెం వింతగా తోచింది కానీ, ఆకలి మీదున్నవాడికి వింతలతో పనేముంది?

వెంటనే అడితికి ఫోన్ చేసి ట్రాలీ వద్దన్నాడు. యాకమ్మ పొయ్యి వెలిగించి, చాయ్ పెడుతూ అప్పుడు ఏడ్చింది. కబురందగానే పక్కింటి సుల్తానా బేగం పరుగున వచ్చింది. సారయ్య మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆమే. మగ్గం ఆగిననాటి నుంచీ ఆమె పొయ్యీ అంతంత మాత్రమే. వస్తూనే రాట్నం ముందు కూర్చుని దుమ్ము దులిపింది. రాట్నం తిరిగింది. ఆ చప్పుడు వింటే సారయ్యకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"సెప్పిన్నా లేదా? ఎప్పటికైనా లడాయే మనకు బువ్వ వెడ్తది" అన్నాడు మొగిలి. నమూనా ముక్కను ఒళ్లో పరుచుకుని జానలతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. దుప్పటికి చాలదు, చేతిరుమాలుకు ఎక్కువ. ఎంతకూ లెక్క తెగలేదు.

"ఏందిరా ఇది? ఆ దేశపు సిపాయిలు గింత పొట్టిగుంటరా?"

తండ్రి మాటకు సారయ్య నవ్వాడు. చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

రాట్నం ఆగింది. సుల్తానా బేగం లేచి వచ్చి ముసలాయన ఒళ్లోంచి ఆ గుడ్డ తీసుకుంది. అంచు కోసం వేళ్లతో తడిమింది, అంచు లేదు. మెల్లగా తన మోచేతి మడత మీద పరుచుకుని, దాని వైపే చూస్తూ అంది.

"సిపాయిలకు కాదన్నా. మా చిన్నోడు పోయిననాడు సుట్టి బొందవెట్టనీకి కఫన్ గుడ్డ గింతే కోసిన్రు."