మూడు వారాల మొటిమలు

"ముట్టుకోకు పిల్లా. ఇంకొక్క గంట ఓపిక పట్టు" అంటూ మనోజ భువన చేతిని చటుక్కున కిందికి లాగింది.

భువన ఆమె అక్క కూతురు. ఇద్దరూ కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటారు. ఆటో జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ మనోజ ఒళ్లో సంచి పెట్టుకుని, అట్టముక్కతో ఆ పిల్ల ముఖానికి విసురుతూనే ఉంది. చెమట పడితే మొదటికే మోసం వస్తుందని ఆమె భయం. భువన రెండు బుగ్గల మీదా, గడ్డం మీదా ఎర్రెర్రగా మొటిమలు కనిపిస్తున్నాయి. కుడి బుగ్గ మీదిదయితే చీము పట్టి, చూసినవాళ్లకే సలుపు పుట్టేలా ఉంది. ఆటో డ్రైవర్ అద్దంలో ఓసారి చూసి, నిమ్మకాయ రుద్దమన్నాడు. మొటిమల ముఖం కనబడితే సలహా ఇవ్వకుండా ఉండగలిగే మనిషి హైదరాబాదులో ఇంకా పుట్టలేదు.

మనోజ సినిమాల్లోకి వచ్చి పన్నెండేళ్లయింది. ఎండనక వాననక ఔట్‌డోర్లకి తిరిగింది, ముఖం నిండా మంగు తెచ్చుకుంది. తెర మీద పేరు మాత్రం ఒక్కసారీ పడలేదు. ఇన్నాళ్లకి ఫిల్మ్‌నగర్ నుంచి దర్శకుడు రవిచంద్ర కబురు పెట్టాడు. హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి కథట. అంతా విన్నాక ఒక్క షరతు పెట్టాడు. భువనని స్కిన్ డాక్టర్ బసవపున్నయ్య గారికి చూపించి, ఆయన చేత మందుల చీటీ రాయించుకుని సాయంత్రం అయిదులోపు రావాలి. చీటీ లేకపోతే సినిమా వేరేవాళ్లకి పోతుంది.

అదేమంత కష్టం అనుకోవడానికి లేదు. ఇదే షరతు మీద వెళ్లిన ఇద్దరు అప్పటికే ఉత్త చేతులతో తిరిగొచ్చారు. బసవపున్నయ్య గారు ఊరికే మందు రాసే మనిషి కాదు. వచ్చినవాళ్లలో సగం మందిని కంటినిండా నిద్రపొమ్మని చెప్పి పంపేస్తారని పేరు.

క్లినిక్‌లో అడుగు పెట్టగానే గండం ఎదురైంది. నర్సు నిహారిక చిన్న సబ్బునురగ సీసా చేతికిచ్చి, ముందు ముఖం కడుక్కు రమ్మంది. అందరూ కడుక్కునే లోపలికి వెళ్లాలట.

"జర వద్దమ్మా. మస్తు మంట పుడ్తది" అని మనోజ అడ్డం నిలబడింది.

నిహారిక ముఖం చిట్లించి లోపలికి వెళ్లి అడిగింది. డాక్టర్ గారు నొప్పి ఉంటే బలవంతం చేయొద్దన్నారు. మనోజకి ప్రాణం లేచొచ్చింది.

బసవపున్నయ్య గారు కళ్లజోడు సవరించుకుని దీపం దగ్గరికి లాగారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే భువన చిన్నమ్మ వైపు చూసింది.

"మూడు వారాలుగా ఇదే పనిమీద ఉన్నం సార్" అంది మనోజ.

"ఏమైనా రాశారా?"

"చానా రాసినం. దేనితోనూ సరిగ్గ కుదర్లే."

ఆయన నిట్టూర్చి, కుడి బుగ్గ మీది దానివైపు వేలు చాపారు. భువన "అమ్మా" అని వెనక్కి జరిగింది.

"మంచిది. నేనైనా ముట్టుకోకూడదు" అని ఆయనే చేయి వెనక్కి తీసుకున్నారు. గిల్లితే గుంటలు పడతాయని, అవి జన్మలో పోవని చెప్పారు. నిమ్మరసం, టూత్‌పేస్ట్ దగ్గరికి రానివ్వొద్దన్నారు. ముఖం రోజుకి రెండుసార్లే కడగాలి, రాత్రి మందు శనగగింజంత తీసుకుని ముఖమంతా పల్చగా పూయాలి, పగలు సన్‌స్క్రీన్ తప్పకూడదు. రెండు నెలలు పడుతుందని, చర్మానికి మనకున్న తొందర ఉండదని నవ్వారు. అలా నవ్వుతూనే కాగితం ముందుకు లాక్కుని చీటీ రాశారు.

మనోజ ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుంది. లేవబోతుంటే ఆయన ఆపారు.

"మరి మీ మంగు సంగతేంటమ్మా? ఎవరూ అడగలేదా?"

తన ముఖం గురించి ఒకరు అడగడం ఆమెకి కొత్త. ఆయన చీటీ వెనక్కి తిప్పి ఆమెకీ ఒక పూత రాసి, ఎండలోకి వెళితే కొంగు కప్పుకోమన్నారు. మెట్లు దిగుతూ మనోజ చీటీని ముందూ వెనకా నాలుగుసార్లు చదువుకుంది. ఆమెకి గట్టిగా నవ్వాలనిపించింది, నవ్వేసింది కూడా.

అయిదుకి పది నిమిషాలుండగా ఫిల్మ్‌నగర్ ఆఫీసు చేరారు. రవిచంద్ర చీటీ చదివి, భువనని కిటికీ వెలుతురులో నిలబెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇక దాచుకోలేక పెద్దగా నవ్వాడు.

"బసవపున్నయ్య గారి చేతే రాయించారంటే నేను చెప్పేదేముంది? సినిమా మీదేనండీ. టైటిల్స్‌లో పేరు ఏమని వేయాలి?"

భువన చిన్నమ్మని మోచేత్తో పొడిచింది.

"మనోజ అని వెయ్యుండ్రి సార్. అంతే చాలు" అందామె. పన్నెండేళ్లు కూడబెట్టుకున్న ఏడుపంతా సంతోషమై వచ్చింది.

"ఇగ నాతోని కాదు చిన్నమ్మా, ఒకటే దురద" అంది భువన.

మనోజ కళ్లు తుడుచుకుని సంచిలోంచి చిన్న మేకప్ డబ్బా బయటికి తీసింది.

కుడి బుగ్గ మీది మొటిమను మెల్లగా ఊడదీసి అందులో దాచింది.