అంజన్న పటం వెనుక చీటీ

“మీ అవ్వకు మతిమరుపు వచ్చుడేమో గని, ముందుగాల నా మతి పోయేటట్టున్నది!” నర్మద ఫోన్‌లో దుబాయిలో ఉన్న మొగుడు వెంకటేశ్‌తో మొర పెట్టుకుంటోంది.

నెల కింద మెట్‌పల్లిలో, వాళ్ల వాడకట్టులోనే ఆరోగ్య శిబిరం పెట్టారు. అత్త కొమురవ్వను తీసుకెళ్లిన నర్మద, పనిలో పనిగా తానూ బీపీ చూపించుకుంది. సీరియల్ వేళయిందని డాక్టరు దాకా ఆగలేదు. కొమురవ్వ ఒక్కతే చీటీ పట్టుకుని వచ్చింది.

“ఏమన్నడు డాక్టరు?”

“బీపీ గిట్లనే ఉంటే ముందుముందు మతిమరుపు ముప్పున్నదట బిడ్డా.”

నర్మద సీరియల్ మధ్యలోనే టీవీ కట్టేసింది. తల్లి లేని తనను పదహారేళ్లుగా కడుపులో పెట్టుకున్న అత్త, రేపు ‘నువ్వెవలు?’ అంటే?

కొమురవ్వ ఆ చీటీని అంజన్న పటం చట్రంలో దోపింది. పై సగం దేవుడి వెనుక, కింది సగం బయట. “ముట్టకు. అంజన్న చేతుల వెట్టిన.”

కనిపించినంత మేరకు నర్మద రోజూ పంతులమ్మలా చదివేది.

“ఉప్పు, తొక్కులు తగ్గియ్యాలె.”

“ఏ గిన్నె ఎవలదో నాకు యాదుండది. అందరికి ఒక్కటే వండు.”

“రోజు అరగంట నడువాలె.”

“తొవ్వ మర్చిపోత. నువ్వు రా.”

“టీవీ తగ్గియ్యాలె. నలుగురితోని కలువాలె.”

“సీరియల్ యాళ్లకు అష్టాచెమ్మా ఆడుదాం. పక్కింటి లింగవ్వను పిలువు.”

“కొత్త పని నేర్సుకోవాలె.”

“స్కూటీ! ముందు నువ్వు నేర్సుకో. నాకు తర్వాత నేర్పుదువు గని.”

డెబ్బై ఏళ్ల మనిషికి స్కూటీ! నర్మద రెండుసార్లు మోరీ కాల్వలో పడింది. కొమురవ్వ అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టింది.

అష్టాచెమ్మాలో మాత్రం రోజూ కొమురవ్వదే గెలుపు. నిన్న ఎవరి కాయను ఏ గడిలో చంపిందో కూడా చెప్పేది.

“నీకు మతిమరుపేందత్తా?”

“వస్తది, పోతది.”

ఇంకో రెండు నెలలకు మళ్లీ శిబిరం వచ్చింది. కొమురవ్వే అంజన్నకు మొక్కి, చీటీ తీసి కొంగున ముడేసుకుంది.

“మా అత్తకు జర మంచిగ సూడు చెల్లె, మస్తు తిప్పలు పడ్డ,” అంది నర్మద, నర్సు వనజతో.

వనజ చీటీ మడత విప్పింది. ఒకసారి అత్తను, ఒకసారి కోడలిని చూసి, చీటీని నర్మద వైపు తిప్పింది. నర్మద పై సగం మొదటిసారి చదివింది. కొమురవ్వ టెంటు పైకప్పు చూస్తోంది.

“మతిమరుపు ముప్పు నాకా అత్తా? గీ చీటీ మీద పేరు నాది!”