కొత్త సౌండ్ కార్డు

“సౌండ్ రాలేదేమబ్బా కిషోరూ?” చూపులేని యాకోబు అడిగాడు.

“కొత్త సౌండ్ కార్డు ఏసినా. ఈ పాత బాక్సింగ్ ఆటకి అది సరిపోలేదు. ఊరికే ఆడన్నా,” అన్నాడు హిందూపురం గేమ్ సెంటర్ కిషోర్.

దెబ్బల చప్పుడు విని ఆడి, యాకోబు రోజూ అజిత్ అనే కుర్రాడి మీద గెలిచేవాడు. తన గెలుపు చూపించాలని ఈ రోజు భార్య ఎస్తేరును వెంట తెచ్చుకున్నాడు.

చప్పుడు లేకుండా ఎట్లా ఆడాలి? కీబోర్డు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

కాసేపటికి వెనక చప్పట్లు మోగాయి.

“గెలిచినావన్నా! అజిత్‌గాడు మళ్ళీ కింద పడినాడు!” అన్నాడు కిషోర్.

“నేనా?”

“ఇంగెవరు? నిన్ను కొట్టేటోడు ఈ ఊర్లో యాడుండాడు?”

ఎవరో నోరు మూసుకుని నవ్వారు.

“ఎస్తేరూ, నువ్వు చెప్పు. గెలిచినానా?”

ఎస్తేరు ఇంకా అతని ఒళ్ళోనే ఉన్న చేతుల వైపు చూసింది.

“గెలిచినావులే,” అంది.