గోడ దాటిన బుట్ట

ఎత్తెక్కే ముందు కేక వెయ్యని మనిషిని మాణిక్యాంబ నమ్మదు.

పెరట్లో మిరపకాయలు ఎండబోస్తూ తలెత్తేసరికి, గోడ అవతల కొబ్బరితోటలో నిచ్చెన మీద భానుతేజ కనిపించాడు. కొబ్బరి దింపు తీసేవాళ్ళు సైతం చెట్టెక్కే ముందు "ఎక్కుతున్నామండోయ్" అని కేకేస్తారు. పెరళ్ళలో ఆడవాళ్ళుంటారని ఆ వీధి కట్టుబాటు. ఇతను నోరు మెదపలేదు. పొడవాటి ఇనప స్తంభానికి బుట్ట బిగించి, ఆమె ఇంటి కిటికీకేసి చూశాడు.

కిటికీలో మనవరాలు సాయిప్రసన్న తల అడ్డంగా ఊపింది. అతను బుట్టని ఇంకాస్త పైకి జరిపాడు. పిల్ల కిందికి వంగి, మళ్ళీ లేచి, ఈసారి నవ్వుతూ సరేనంది.

మాణిక్యాంబ గుండెలో రాయి పడింది.

తోట బంగార్రాజుది. పాలకొల్లు రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళు ఆగి ఆడుకోడానికి అందులో డిస్క్ గోల్ఫ్ పెట్టిస్తున్నాడు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ బిళ్ళని దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. చెట్ల మధ్య ఏ బుట్ట ఎక్కడుండాలో నిర్ణయించే పని భానుతేజది. మిగతావన్నీ నడుమెత్తునే పాతాడు. చివరిదొక్కటే గోడ దాటి పైకి లేచింది.

అది కూడా సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా.

ఆ గదిలో ఆమె భర్త జగన్నాథరావు మంచం ఉంది. పాలకొల్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి పక్షవాతంతో మాట పడిపోయి, మంచానికి అతుక్కుపోయాడు. తాతగారికి సాయం చేస్తానని కాకినాడ నుంచి వచ్చిన సాయిప్రసన్న, వచ్చీ రాగానే మంచం కిటికీ పక్కకి జరిపింది. గాలి కోసమంది. చూసినా చెప్పలేని మనిషి ఉన్న గది కాబట్టే పిల్ల అక్కడ చేరిందని మాణిక్యాంబకి ఇప్పుడు తోచింది.

రోజూ సాయంత్రం అదే తంతు. భానుతేజ ఒక్కడే వచ్చి, కిటికీకేసి చెయ్యెత్తి, బిళ్ళ విసిరేవాడు. గొలుసులు ఘల్లుమనేవి. లోపల్నుంచి "పడింది" అని పిల్ల నవ్వు వినిపించేది. ఓసారి జావ గిన్నెతో వెళ్ళిన మాణిక్యాంబని చూసి పిల్ల చప్పున నవ్వాపింది. జగన్నాథరావు పెదవి ఓ పక్కకి లాగినట్టుంటే, జావ అంటుకుందేమోనని మాణిక్యాంబ కొంగుతో తుడిచింది.

"ఏంటే ఆ నవ్వు?"

"రెండ్రోజులాగు నానమ్మా. నీకే చెప్తాను."

మాణిక్యాంబ గిన్నె కింద పెట్టేసింది. చాలా ఏళ్ళ క్రితం కూతురూ అదే కిటికీ దగ్గర నిలబడి, అవే మాటలు చెప్పింది. ఆ రెండ్రోజులూ గడవకముందే తుని బస్సెక్కి ఎవరితోనో వెళ్ళిపోయింది. మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఈ పిల్ల కూడా వెళ్ళిపోతే?

మర్నాడు పిల్ల మందుల కోసం పాలకొల్లు వెళ్ళగానే, మాణిక్యాంబ తోటలోకి నడిచింది. బంగార్రాజు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. ఆడవాళ్ళ పెరడు కనిపించే ఎత్తున ఏదీ నిలబెట్టకూడదన్న కట్టుబాటు, అతని నాన్నగారే నలుగురిలో చెప్పిన మాట, గుర్తు చేసింది. బంగార్రాజు నొచ్చుకుని భానుతేజని పిలిచాడు.

ఇలాంటి ఆటస్థలం అన్నాక ఒక్క బుట్టయినా ఎత్తులో ఉండాలని, కింది నుంచి పైకి విసిరేటప్పుడే చేతి నేర్పు తేలుతుందని అతను నచ్చజెప్పబోయాడు.

"అలాగైతే ఆ కాలువగట్టు వైపు పెట్టుకో నాయనా."

"అక్కడ పెడితే ఉపయోగం లేదండి."

"ఎవరికి?"

అతను తల దించుకున్నాడు. "సాయిప్రసన్నగారు చెప్పొద్దన్నారండి. మాస్టారు ఎలా ఉన్నారండీ ఇవాళ?"

"మాస్టారి మీద నీకంత బెంగెందుకు? ముందు బుట్ట దించు."

"సాయంత్రం ఆట అయ్యాక దించుతానండి. ఇవాళొక్కరోజు."

ఆ ఒక్కరోజే ఆమె భయం. బంగార్రాజు తల పంకించాడు. ఎవరి ఇంటి పరువు వారిదని, ముందు పని కానివ్వమన్నాడు. భానుతేజ నిచ్చెన ఎక్కాడు. ఈసారి "ఎక్కుతున్నానండీ" అని చెప్పి మరీ ఎక్కాడు. స్తంభం కోసి, బుట్టని మిగతావాటిలా నడుమెత్తుకి దించేదాకా మాణిక్యాంబ అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం తిరిగొచ్చిన సాయిప్రసన్న గదిలోకి వెళ్ళి, వెంటనే బయటికొచ్చింది.

"నువ్వేనా నానమ్మా?"

"నేనే. కూతుర్ని పోగొట్టుకున్నదాన్ని. నిన్ను పోగొట్టుకోలేను."

పిల్ల తెల్లబోయి చూసింది. మందుల సంచి అక్కడే వదిలేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

సాయంత్రం గొలుసులు మోగలేదు. ఎన్నాళ్ళకో మాణిక్యాంబకి గుండె తేలికపడింది. అతను తోటలో ఉన్నాడో లేడో చూద్దామని గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. వరదకి జడిసి ఎత్తు పునాది మీద కట్టిన ఇల్లు కావడంతో, గోడ మీంచి తోటంతా కనిపిస్తోంది. దించిన బుట్ట కూడా గొలుసులతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

ఇక్కడ నిలబడే పిల్లకి బుట్ట ఎంతెత్తునుంటేనేం? మరి ఆ ఏడుపెందుకు?

జగన్నాథరావు కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. ఎప్పుడూ వాలిపోయి ఉండే మెడ తనంతట తానే అటు తిరిగి ఉంది. కంటి కొసన తడి. తుడవబోయి, మాణిక్యాంబ ఆగింది. ఆయన దేనికోసం చూస్తున్నాడో చూద్దామని మెల్లగా వంగి, ఆయన తల పక్కనే తన తల ఆన్చింది.

ఆ దిండు మీంచి గోడ ఒక్కటే కనిపించింది.