బొచ్చు గేదె ఫొటో

“మెడ కింద చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తు నాన్నా. బొచ్చు మీద ఎండ పడాలి,” అంది దుర్గాదేవి, కెమెరా మీంచి కన్ను తీయకుండా.

గంగన్న గేదె మెడ ఎత్తి పట్టుకున్నాడు. నాగాయలంక కరకట్ట మీద మంచు అప్పుడప్పుడే విడిపోతోంది. పుష్యమాసపు ఎండ ఏటవాలుగా వచ్చి గేదె ఒంటి మీది పొడుగాటి బొచ్చును ఇత్తడి తీగల్లా మెరిపిస్తోంది. దివిసీమ మొత్తంలో ఇంత బొచ్చున్న గేదె ఇంకొకటి లేదని గంగన్నకు గొప్ప. ఉప్పునేల గడ్డి తిని, తుపాన్లకు తట్టుకుని బతికిన మొండిఘటం అది.

దూడప్పటి నుంచి దాన్ని సాకింది దుర్గాదేవి తల్లి లక్ష్మీకాంతమ్మ. ఆమె పోయిననాడు ఇల్లంతా వెతికినా ఒక్క ఫొటో దొరకలేదు. రేషను కార్డులో ఉన్న ముఖం ఎప్పుడో చెరిగిపోయింది. ఆ బాధతోనే దుర్గాదేవి కెమెరా పట్టింది, బందరులో స్టూడియో పెట్టింది. సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగిరాని వాళ్ల కార్డు ఫొటోలు పెద్దవి చేసివ్వడమే అక్కడ సగం పని. అది చూసి చూసి గంగన్నకు కెమెరా అంటే గిట్టకుండా పోయింది, తనను ఒక్కసారీ ఫొటో తీయనివ్వలేదు. అయినా ఈవేళ కాదనలేకపోయాడు. గేదె ముసలిదైంది, ఈ చలికాలం దాటుతుందన్న నమ్మకం లేదు.

“అమ్మను ఎలాగూ దాచుకోలేకపోయాను. ఇంకోసారి ఆ తప్పు జరగనివ్వను,” అని కూతురు పట్టుబట్టింది.

“నేను అడ్డమొస్తున్నానేమో చూడు,” అన్నాడతను.

“నా పని నాకు తెలుసులే. దాంతో ఏదో ఒకటి మాట్లాడు, చెవులు నిలబెడుతుంది.”

గంగన్న మాట్లాడాడు. లక్ష్మీకాంతమ్మ తనను పస్తుంచైనా దానికి కుడితి పెట్టేదని ఎత్తిపొడిచాడు. వానలో దాన్ని ఇంట్లోకి తెచ్చి తనను అరుగు మీద పడుకోబెట్టిన సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ పగలబడి నవ్వాడు, ఆ నవ్వులోనే కళ్లు చెమర్చాయి. దుర్గాదేవి బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఆపకుండా తీస్తూనే ఉంది.

“బాగా వచ్చిందా?” అని అడిగాడు, ఎండ ముదిరాక.

“ఇంతకంటే బాగా ఎవరూ తీయలేరు నాన్నా.”

సాయంత్రం స్టూడియోలో కూర్చుని పొద్దుటి ఫొటోలు ఒక్కొక్కటే చూసుకుంది. వెలుతురు కోరుకున్నట్టే పడింది, ఎక్కడా ఫోకస్ తప్పలేదు. ఇక పోగొట్టుకుంటానన్న భయం లేదు.

అన్ని ఫొటోల్లోనూ నాన్న ముఖమే ఉంది.