మెషిన్ ఒక్కటే, మనుషులిద్దరు

చిన్న టర్నరు చుట్టూ ఒకసారి చూసి, సీఎన్‌సీ మెషిన్ తెర మీది అంకె మార్చేశాడు.

షెడ్డులో ఎవరూ లేరు. పెద్ద టర్నరైన బావ చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్లాడు. యజమాని తన గదిలో భోంచేస్తున్నాడు. ఇనుము తరిగే రెండు పాత లేత్‌లూ నిన్ననే లారీ ఎక్కాయి. అవి ఉన్నచోట నేల మీద నూనె మరకలూ, బోల్టులు పీకిన గుంతలూ మిగిలాయి. వాటికి బదులుగా వచ్చింది ఈ ఒక్క మెషినే. దీనికి కావలసింది ఒక్క మనిషే.

"బావా బావమరుదులని నేను మొహమాటపడను. కొత్త మెషిన్ మీద చెరో ముక్కా చెయ్యండి. ఎవరిది బాగుంటే వాళ్లుంటారు. రెండోవాళ్లు ఇంకోచోటు చూసుకోవాలి" అని యజమాని పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

చిన్న టర్నరు తన ముక్క చేసేశాడు. సైజు బొటాబొటిగా వచ్చింది. భోజనాలయ్యాక బావ వంతు. బావ చెయ్యి పెట్టాడంటే వంక పెట్టడానికేమీ ఉండదు. అందుకే ఈ పని. ఇనుముని కోసే టూలు ఎక్కడిదాకా వెళ్లాలో చెప్పే అంకెకి అర మిల్లీమీటరు కలిపాడు. ముక్క పాడవుతుంది, అంతే.

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తిన్నావా?"

"ఆకలి లేదు."

"మీ అక్క నీక్కూడా కలిపి పెట్టింది రా."

చిన్న టర్నరు మొహం తిప్పుకుని బయటికి నడిచాడు. గేటు పక్కన నిలబడి సీసాడు నీళ్లు గటగటా తాగాడు.

యజమాని పిలిస్తే లోపలికొచ్చాడు. బావ అప్పటికే ఇనుప కడ్డీని, దాన్ని పట్టి తిప్పే చక్‌లో పెట్టి బిగిస్తున్నాడు. మెషిన్ తలుపు జరిపి మూసి, అద్దంలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. మొహానికీ అద్దానికీ మధ్య జానెడు ఎడం కూడా లేదు.

చిన్న టర్నరుకి అప్పుడు తట్టింది. సున్నా నొక్కాడు, అయిదు నొక్కాడు. మధ్యలో పాయింటు నొక్కాడా?

ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. పాయింటు పడకపోతే అది అర మిల్లీమీటరు కాదు, అయిదు. ముక్క పాడవడంతో పోదు. టూలు సూటిగా వెళ్లి, గిర్రున తిరిగే చక్‌ని గుద్దుకుంటుంది. పగిలిన ముక్కలు ఆ అద్దాన్ని దాటుకుని వస్తాయి.

"కానీ మరి" అన్నాడు యజమాని.

నోరు విప్పితే పని పోతుంది. బావ వేలు ఆకుపచ్చ బటన్ మీదికి వెళ్లింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది.

నొక్కాడు.

చక్ రివ్వుమని తిరిగింది. టూలు కడ్డీ వైపు కదిలింది.

"బావా, పక్కకి జరుగు!"

ఎప్పుడు దూకాడో తనకే తెలియదు. బావని భుజంతో నెట్టేసి, ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాడు. మెషిన్ చప్పున ఆగిపోయింది.

"ఏంట్రా ఇది? మతిగానీ పోయిందా?" యజమాని అరిచాడు.

"అంకె మార్చాను సార్. నేనే. బావ ముక్క చెడిపోవాలని. పాయింటు నొక్కానో లేదో..."

యజమాని మొహం కందగడ్డలా అయింది. విసురుగా వెళ్లి తెర చూశాడు. వేలితో బటన్లు నొక్కి మళ్లీ చూశాడు.

"ఏం మార్చావు? పొద్దున నేను పెట్టిన అంకే ఉందిగా ఇక్కడ!"

చిన్న టర్నరు వంగి చూశాడు. నిజమే. పొద్దుటి అంకే.

"కాదు సార్, నా చేతుల్తో నేనే..."

"కంగారులో ఏదో వాగుతున్నాడు సార్. మళ్లీ మొదలెడతాను" అన్నాడు బావ, బావమరిది వైపు చూడకుండా.

కొత్త కడ్డీ బిగించి మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. ముక్క బయటికొచ్చాక యజమాని మైక్రోమీటరు పెట్టి అటూ ఇటూ తిప్పి కొలిచాడు.

"పెద్ద టర్నరూ, మెషిన్ నీది" అన్నాడు.

చిన్న టర్నరు నూనె గుడ్డలో చుట్టిన తన పనిముట్లు తీసుకుని బయటికొచ్చేశాడు. గేటు దాటుతుండగా వెనకనుంచి బావ వచ్చి కలిశాడు.

"నువ్వు చూశావు కదూ?" అన్నాడు చిన్న టర్నరు, తలెత్తకుండా.

"కుళాయి దగ్గర్నుంచి కిటికీలో అంతా కనబడుతుంది. నువ్వు బయటికెళ్లగానే సరిచేశాను."

"పాయింటు నొక్కానా బావా?"

"లేదు."

చిన్న టర్నరు గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు? ఏమీ తెలియనట్టు ఎందుకు నొక్కావు?"

"ఒళ్లు మండి ముందు మీ అక్కకి ఫోన్ చేశాను, నీ తమ్ముడి నిర్వాకం ఇదీ అని. 'వాడే వచ్చి ఆపుతాడు, నువ్వు నొక్కు' అంది. నాకు నమ్మకం లేదు." బావ చొక్కా జేబులోంచి ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాడు. "నువ్వు ఆపడం విన్నాకే ఫోన్ పెట్టేస్తానంది. విన్నాక కూడా ఏడుపే తప్ప పెట్టడం లేదు. మాట్లాడు."